అరిగిన అంచు

నేను ఒక మట్టిబిళ్లను. ఉస్మానియా బిస్కెట్ అంత గుండ్రంగా, దానికన్నా కాస్త మందంగా, అరచేతిలో ఇమిడేంత ఉంటాను. అందం గురించి గొప్పలు చెప్పుకోను. "మట్టికి కూడా ఆత్మకథేనా, చోద్యం కాకపోతే!" అని మూతి విరుస్తారా, విరవండి. ఎంత మూతి విరిచినా చివరికి మీరంతా వచ్చి చేరేది మా దగ్గరికే గనుక నాకు ఆ మాత్రం పొగరు ఉంది.

నేనెందుకు పుట్టానో ముందు చెప్పాలి. షియా ముస్లిములు నమాజులో వంగి నుదురు ఆనించేటప్పుడు అది గుడ్డ మీద కాదు, మట్టి మీద ఆనాలి అంటారు. మసీదన్నాక తివాచీ ఉంటుంది కదా. అందుకని మట్టినే బిళ్లగా చేసి ముందర పెట్టుకుంటారు. అది ఇమాం హుస్సేన్ ప్రాణం వదిలిన కర్బలా మట్టి అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. నేను ఆ మట్టినే. ఇక్కడివాళ్లు నన్ను సజ్దాగాహ్ అంటారు. ఇరానీలు మొహర్ అంటారు. హోటల్లో గిన్నెలు తోమే యాదమ్మ మాత్రం "అగా బిళ్ల" అనేది. అగా అంటే ఆవిడ యజమాని, ఈ కథంతా ఆయనదే.

కర్బలాలో ఒక ముసలి పనివాడు నన్ను చేశాడు. మట్టి జల్లించి, తడిపి, పిసికి, కొయ్య అచ్చులో వేసి అరచేత్తో అదిమాడు. అదుముతూ దేవుణ్ణి తలుచుకునేవాడు, మధ్యమధ్యలో బేరాలాడేవాళ్లను తిట్టేవాడు. నాలో ఆ రెండూ ఉన్నాయి. నన్ను బట్టీలో కాల్చలేదు, మేడ మీద ఎండలో ఆరబెట్టారు, అంతే. కాలిన కుండకి నీళ్లంటే లెక్కుండదు. నాకు మాత్రం చచ్చే భయం. ఒక్క చెంబుడు నీళ్లు చాలు, నేనన్నదే మిగలదు.

నన్ను మొదట కొన్నది గౌహర్. ఇరాన్‌లో యజ్ద్ పట్నం దగ్గర ఒక పల్లెలో దానిమ్మ తోట ఉన్న మనిషి. యాత్రకి వచ్చి, దుకాణంలో బిళ్లలన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, పనివాడి చేత తిట్లు తిని మరీ నన్ను ఏరుకుంది. ఆమెకొక అలవాటు ఉండేది. నమాజు అయ్యాక వెంటనే లేచేది కాదు. నన్ను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో నా అంచుని ఒకేచోట రాస్తూ కూర్చునేది. మనసులో ఉన్నది నోటితో చెప్పే మనిషి కాదు. పంట పోయినా, మొగుడు పోయినా ఆ వేలే కదిలేది. ఏళ్ల తరబడి రాయగా రాయగా నా అంచు అక్కడ అరిగి, బొటనవేలు సరిగ్గా కూర్చునేంత పల్లం పడింది.

ఆమెకి ఒక్కడే కొడుకు, హబీబుల్లా. తోట ఎండిపోయాక, హైదరాబాదులో చాయ్ హోటల్ నడుపుతున్న పెదనాన్న దగ్గరికి బయల్దేరాడు. బయల్దేరే పొద్దున గౌహర్ తను కప్పుకునే నల్ల చాదర్ అంచు చించి, చిన్న సంచి కుట్టి, నన్ను అందులో పెట్టి వాడి జేబులో వేసింది. ఆమె మాట్లాడింది ఫార్సీ. ఇన్నేళ్లు ఈ ఊళ్లో పడి ఉండి నా చెవికి ఈ ఊరి మాటే అలవాటైంది కాబట్టి అలాగే చెప్తాను.

"బిడ్డా, నువ్వు ఏడ కన్ను మూస్తవో, నేనేడ మూస్తనో. నిన్ను మట్టిల పెట్టేనాడు నేను నీ పక్కన ఉండ. నీ చెంప కింద ఈ బిళ్ల పెట్టమని చెప్పు. నా నుదురు ఆనిన మట్టి ఇది. నా ఒళ్ల పండుకున్నట్టే ఉంటది."

"గివేం మాటలమ్మా! రెండేండ్లల వాపసొస్త గద," అన్నాడు హబీబ్.

పరాయి దేశం పోయే కొడుకులు చెప్పే అబద్ధాల్లో ఇంతకన్నా పాతది లేదు. చెప్పేవాళ్లు కూడా దాన్ని నమ్మే చెప్తారు, అదీ బాధ.

సికింద్రాబాదు స్టేషన్ ఎదురుగా మూల మీద పెదనాన్న హోటల్. దాని వెనక సందులో, ఇక్కడ స్థిరపడ్డ ఇరానీ హోటళ్లవాళ్లు తలా చెయ్యీ వేసి కట్టుకున్న చిన్న మసీదు. గుమ్మం మీద నీలం పలకలు, లోపల తివాచీలు, మూల చాయ్ కాచే పెద్ద రాగి సమోవర్. పొద్దుటినుంచి ఊరందరికీ చాయ్ పోసి చేతులు నొప్పి పుట్టినవాళ్లు, నమాజయ్యాక మళ్లీ ఆ సమోవర్ చుట్టూ కూర్చుని చాయే తాగేవాళ్లు. మనుషుల సంగతి నాకెప్పటికీ అంతుపట్టదు.

గుమ్మం పక్కన, ఆడవాళ్లు పైకెళ్లే మెట్ల మొదట్లో ఒక వెదురుబుట్ట ఉండేది. దాన్నిండా నాలాంటి బిళ్లలే. సొంతది లేనివాళ్లు అందులోంచి ఒకటి తీసుకుని, నమాజయ్యాక కొందరు తిరిగి వేసేవాళ్లు, కొందరు తివాచీ మీదే వదిలేసి పోయేవాళ్లు. వదిలేసినవన్నీ ఏరి బుట్టలో వెయ్యడం హబీబ్ తనకి తానే పెట్టుకున్న పని. దాన్ని ఆయన సేవ అనుకునేవాడు. ముందు నన్ను సంచిలో దాచుకుని, ఆ తర్వాతే మిగతావి ఏరేవాడు. బుట్టలోవాటిని చూసి నేను కాస్త జాలిపడేదాన్ని. వాటికి ఇల్లూ వాకిలీ లేదు, రోజుకో నుదురు. నాకు సంచి ఉంది, జేబు ఉంది, ఒక మనిషి ఉన్నాడు. చాయ్ తొణికినప్పుడల్లా ఆయన చెయ్యి ముందు జేబు మీదికే పోయేది.

పీర్ల పండుగ రోజుల్లో ఆ మసీదుని చూడాలి. హుస్సేన్ దాహంతో పోయిన కథ చెప్తుంటే గుండెలు బాదుకుని ఏడ్చేవాళ్లు. ఆ ఏడుపంతా హుస్సేన్ కోసమే అనుకునేరు! నుదుళ్లు ఆనేది నా మీదే గనుక నాకు తెలుసు. వదిలొచ్చిన తల్లి, అమ్మేసిన తోట, మళ్లీ చూడని వీధి, అన్నీ అందులో కలిసి కారేవి. హోటల్ గల్లా మీద కూర్చుని ఏడవలేరు కదా పాపం. ఇక్కడైతే ఎవరూ ఎందుకని అడగరు.

రెండేళ్లు అన్నవాడు వెళ్లనే లేదు. ముందు పెదనాన్న మంచాన పడ్డాడు, హోటల్ నెత్తిన పడింది. తర్వాత ఇక్కడి అమ్మాయితో నిఖా, కూతురు మెహ్రూ. వెళ్దామనుకునేసరికి అక్కడ యుద్ధం. ఒక మధ్యాహ్నం హోటల్ ఫోను మోగింది. నేను జేబులోనే ఉన్నాను. గౌహర్ పోయిందన్న మాట హబీబ్ గుండె మీదుగానే విన్నాను.

ఆ సాయంత్రం ఆమె పేరు మీద మసీదులో ప్రార్థన పెట్టారు. ఊళ్లో ఉన్న ఇరానీలంతా వచ్చారు. నమాజయ్యాక ఒకరి తర్వాత ఒకరు హబీబ్‌ని కావిలించుకుని ఓదార్చారు. అందరూ వెళ్లాక, ఆయన కళ్లనిండా నీళ్లతో, ఏళ్ల అలవాటు ప్రకారం తివాచీ మీది బిళ్లలు ఏరడం మొదలుపెట్టాడు. ఏరుతూ ఏరుతూ నన్ను కూడా ఏరాడు. దోసిట్లో ఉన్నవన్నీ గుమ్మం దగ్గర బుట్టలోకి జార్చాడు. అయ్యో అయ్యో అని అరుద్దామంటే నాకు నోరేది? తల్లి పోయిన రోజునే తల్లి ఇచ్చినదాన్ని తన చేత్తోనే గుంపులో కలిపేసి ఇంటికి పోయాడు.

కాసేపటికే పరిగెత్తుకుంటూ వచ్చాడు. తిరగేసిన ఖాళీ సంచి చేతిలో ఉంది. బుట్ట బోర్లించి, తివాచీ మీద బిళ్లలన్నీ పరిచాడు. అన్నీ ఒకేలాంటి అచ్చులో పుట్టినవి, ఒకే రంగు, ఒకే ముద్ర. హోటల్ తాళాల కోసం వచ్చిన యాదమ్మ గుమ్మం బయట నిలబడి చూసింది.

"ఏం దేవులాడుతున్నరు అగా?"

"అమ్మ బిళ్ల, యాదమ్మా. వీట్లనే కలిసిపోయింది."

"దానికేమన్న గుర్తున్నదా? ఎట్లుంటది?"

హబీబ్ ఒక బిళ్ల చేతిలోకి తీసుకున్నాడు, పెట్టేశాడు. ఏం గుర్తు చెప్తాడు! నన్ను ఆయన కళ్లతో ఎప్పుడు చూశాడు గనక! నుదురు ఆనించేటప్పుడు కళ్లు మూసుకునేవాడు, లేవగానే సంచిలో వేసేవాడు. ఆయనకి నేను తెలిసింది నుదుటితోనే. మనసులో మాత్రం నేను గౌహర్ చేతిలో మెరిసిన కొత్తబిళ్లలాగే ఉండిపోయాను. ఒక్కొక్కటీ దీపం వెలుతుర్లో తిప్పి చూస్తూ నా దగ్గరికి వచ్చాడు. అరిగిన అంచు చూశాడు. "ఇది ఎవరో మస్తు వాడింది," అని గొణిగి పక్కన పెట్టాడు.

ఎవరో! ఎవరో కాదురా నాయనా, మీ అమ్మే! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

ఆ రోజు నుంచి ఆయన వెతుకులాట మొదలైంది. కళ్లు చెప్పలేనిది నుదురు చెప్తుందనుకున్నాడు. ప్రతి నమాజుకీ బుట్టలోంచి ఒక కొత్త బిళ్ల తీసుకునేవాడు. నా వంతు కూడా వచ్చింది, ఒకసారి కాదు, ఎన్నోసార్లు. మొదటిసారి ఆయన నుదురు నా మీద ఆనినప్పుడు నా మట్టి మట్టంతా వణికిందంటే నమ్మండి. చాలాసేపు లేవలేదు. "అమ్మా" అన్నాడు. ఇక దొరికిపోయానే అనుకున్నాను. మర్నాడు పక్కబిళ్ల మీద కూడా అంతసేపే ఉన్నాడు, అంతే మెల్లగా "అమ్మా" అన్నాడు. దుఃఖంలో ఉన్నవాడికి ఏ మట్టి మీద తల పెట్టినా తల్లి ఒడిలాగే ఉంటుంది కాబోలు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా మనసొప్పలేదు.

యాత్రకి పోయినవాళ్లు కొత్తబిళ్లలు తెచ్చి వేస్తూనే ఉన్నారు. బుట్ట పెరిగింది, నమాజు వరసలు తగ్గాయి. ఇరానీ హోటళ్లు ఒక్కొక్కటీ సెల్‌ఫోన్ దుకాణాలైపోయాయి. పాత ముసలాళ్లు పోయారు. సమోవర్ చుట్టూ ఇప్పుడు లక్నో నుంచి వచ్చిన జరీ పనివాళ్లు, కాబూల్ నుంచి చదువుకోడానికి వచ్చిన కుర్రాళ్లు. వాళ్ల నుదుళ్లు కూడా నాకు తెలుసు. అవే దిగుళ్లు, ఊళ్ల పేర్లే వేరు. నేను జాలిపడ్డ బుట్టలోనే, రోజుకో నుదురుతో, నా బతుకు కూడా తెల్లారింది.

హబీబ్ ముసలివాడయ్యాడు. భార్య పోయింది. మోకాళ్లు వంగక, గుమ్మం దగ్గర బుట్ట పక్కనే కుర్చీ వేసుకుని నమాజు చేసేవాడు. వంగలేనివాళ్లు బిళ్లనే చేత్తో ఎత్తి నుదుటికి ఆనించుకుంటారు. ఆయనా అలాగే చేసేవాడు. శుక్రవారాలు మెహ్రూ తీసుకొచ్చేది. ఆమె బళ్లో లెక్కలు చెప్పే పంతులమ్మ, తండ్రితోనే ఉండేది. పైన తన నమాజు ముగించుకుని వచ్చి, చివరి మెట్టు మీద కూర్చునేది.

"మెహ్రూ, నేను పోయినంక నా చెంప కింద అమ్మ బిళ్లనే పెట్టాలె. ఇంకోటి పెట్టొద్దు."

"ఎన్నిసార్లు చెప్తవు బాబా! ముందు దొరకనియ్యి."

"దొరుకుతది. ఈడనే ఉన్నది గద, యాడికి పోతది?"

ఒక శుక్రవారం మెహ్రూ మెట్లు దిగి వచ్చి, గుప్పిట విప్పి, "బాబా, దొరికింది! పైన అల్మారిల ఉండె," అంది. నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత గుండె కలుక్కుమంది. అది ఎవరో యాత్ర నుంచి తెచ్చిన సరికొత్త బిళ్ల. కావాలని పసుపూ బూడిదా రుద్ది పాతదానిలా చేసింది పిచ్చిపిల్ల.

హబీబ్ దాన్ని నుదుటికి ఆనించుకున్నాడు. కళ్లు మూసుకునే నవ్వాడు. "అబద్ధమాడుడు నీకు రాదు బిడ్డా. వంట వాసనొస్తున్నది."

మెహ్రూ ముఖం కప్పుకుని ఏడ్చేసింది. "నీ పరేషాన్ చూడలేక పోతున్న బాబా."

"ఏడ్వకు, ఏడ్వకు." ఆ బిళ్లని బుట్టలో, సరిగ్గా నా పక్కనే వేశాడు. మెహ్రూ కళ్లు తుడుచుకుని, ఏమీ తోచక బుట్టలోంచి ఏదో ఒకటి తీసి చేతిలో పట్టుకుంది. బొటనవేలు దాని అంచు మీద కదలడం మొదలుపెట్టింది. హబీబ్ ఆ వేలినే చూశాడు.

"మా అమ్మ గూడ గట్లనే కూసుంటుండె," అన్నాడు. "నమాజు అయినంక బిళ్ల పట్టుకొని, అంచు రాసుకుంట, రాసుకుంట. నువ్వు ఆమెను చూడనే లేదు. నీకెట్లొచ్చిందో."

ఇంకొక్క అడుగు ముందుకేసి ఆలోచించవయ్యా మహానుభావా! అన్నేళ్లు రాస్తే అంచు ఏమవుతుంది? ఆయన ఆలోచించలేదు. తల్లి వేళ్లు గుర్తున్నాయి, ఆ వేళ్ల కింద నేనున్నానని తోచలేదు. ఆ శుక్రవారం తర్వాత ఆయన మళ్లీ మసీదుకి నడిచి రాలేదు.

మోసుకొచ్చారు. మసీదు ముందు ఆయన మీద ప్రార్థన చేశారు. పూడ్చడానికి తీసుకెళ్లే ముందు మౌలానా తఖీ సాబ్ బుట్ట దగ్గరికి వచ్చాడు. మంచి మనిషి, హబీబ్‌కి చాలాకాలంగా స్నేహితుడు. మెహ్రూ మెట్ల మీద నిలబడి ఉంది.

"మౌలానా సాబ్, దాదీ బిళ్ల దొరకనే లేదు," అంది.

"ఫికర్ చెయ్యకు బేటీ. కర్బలా మట్టంతా ఒక్కటే," అన్నాడు ఆయన. అన్నది తప్పూ కాదు. చెయ్యి బుట్టలో పెట్టాడు. ఆ చెయ్యి నా మీదే పడింది. పైకి ఎత్తాడు. ఒక్క క్షణం నా ఆశలన్నీ లేచొచ్చాయి. వెలుతుర్లో తిప్పి, "ఇది అంచు అరిగింది. మన హబీబ్‌కి మంచిది పెడదాం," అని నన్ను వదిలేసి నా పక్కదాన్ని తీసుకున్నాడు. అది మెహ్రూ అబద్ధం కోసం తెచ్చిన బిళ్ల. మౌలానాకీ తెలియదు, మెహ్రూ చూడలేదు. కూతురి బిళ్ల ఆయన చెంప కిందికి పోయింది. అది కూడా తక్కువదేం కాదు. కానీ ఆయన అడిగింది నన్ను.

నేను బుట్టలో ఉండిపోయాను. వచ్చినవాళ్ల నుదుళ్లు వచ్చాయి, పోయాయి. నాకు దేనిమీదా మనసు లేదు.

నలభయ్యో రోజు ప్రార్థనకి మెహ్రూ వచ్చింది. బక్కచిక్కింది. పైకి వెళ్లబోతూ, చూడకుండానే బుట్టలో చెయ్యి పెట్టి ఒకదాన్ని తీసింది. నన్నే. ఆమె బొటనవేలు తన అలవాటు కొద్దీ అంచు మీదికి పోయింది. పల్లంలో కూర్చుంది.

ఆ వేలు ఆగిపోయింది. మళ్లీ కదిలింది, మళ్లీ ఆగింది. మెహ్రూ మెట్టు మీద కూలబడింది. "మా అమ్మ గూడ గట్లనే," అని తండ్రి మాటని మెల్లగా పలికింది. నన్ను ముఖానికి అదుముకుని ఏడ్చిన ఏడుపు వర్ణించలేను. లోపల ప్రార్థన చదువుతున్న మౌలానా ఆపి, బయటికి వచ్చాడు.

"దొరికింది మౌలానా సాబ్. ఇదే. మా దాదీ వేలు దీంట్లనే ఉన్నది, చూడుండ్రి."

ఆయన చేతిలోకి తీసుకుని చూశాడు. గుర్తుపట్టాడు. "యా అల్లా," అన్నాడు, "దీన్ని నేనే తీసి పక్కన పెట్టిన బేటీ." బిళ్లని ఆమె చేతిలో పెట్టి, "మూసిన సమాధి తెరవగూడదు," అన్నాడు.

"తెలుసు," అంది మెహ్రూ. "తెరవను."

మధ్యాహ్నం ఎండలో నన్ను ఖబరస్తానుకి తీసుకెళ్లింది. హబీబ్ మీద ఇంకా రాయి వేయించలేదు, పచ్చి మట్టి దిబ్బే. వచ్చినవాళ్లు సమాధి మీద నీళ్లు చల్లడం అక్కడి ఆచారం. మెహ్రూ రాగి చెంబులో నీళ్లు తెచ్చింది. తండ్రి తల ఏ వైపు ఉందో చూసుకుని, ఆ పక్కన కూర్చుంది. నన్ను రెండు కళ్లకీ అద్దుకుంది. నా పల్లంలో వేలుంచి చాలాసేపు రాసింది. అప్పుడు అర్థమైంది నాకు, ఆమె ఏం చెయ్యబోతోందో.

నీళ్లంటే చచ్చే భయమని మొదట్లో చెప్పాను గుర్తుందా? భయపడ్డాను. అబద్ధమెందుకు చెప్పాలి. చెంబులోకి జారుతున్నప్పుడు కూడా భయపడ్డాను. ముందు అంచు మెత్తబడింది, గౌహర్ వేలి పల్లం కరిగింది, తర్వాత ముద్ర చెరిగింది. ఆ ముసలి పనివాడి అరచెయ్యి నన్ను వదిలేసింది. మెహ్రూ వేళ్లతో కలిపింది, ఒక్క పలుకు కూడా మిగలకుండా.

"బాబా, ఆలస్యమైంది. మాఫ్ చెయ్యి. దాదీ వస్తున్నది," అని, ఆయన చెంప ఉన్న చోట మెల్లగా పోసింది.

ఇప్పుడు నేను బిళ్లను కాను. దిగుతున్నాను. ఈ ఊరి మట్టి ఎర్రగా, గరుకుగా ఉంది, అయినా దారి ఇస్తోంది. చెంప ఇంకా ఎంత లోతులో ఉందో తెలియదు. పైన మెహ్రూ కూర్చునే ఉంది. చేతిలో ఏమీ లేదు. బొటనవేలు మాత్రం కదులుతూనే ఉంది.